ఇచ్ఛాపురం: ఎల్లమీది ఊరిని ఎలా లెక్కపెట్టాలి?

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీద మాట్లాడమంటే వక్తలు సాధారణంగా వ్యావహారిక భాషోద్యమం దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఆ ఉద్యమం గురించి చెప్పవలసింది దాదాపుగా చెప్పేశారు. ఆయన జీవితంలో అంతగా చర్చకు రాని భాగం మరొకటుంది. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన పంతులుగారు బతుకులో ఎక్కువ కాలం పర్లాకిమిడిలో గడిపారు. అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నారు. భాషల ప్రాతిపదికన గీసిన ఎల్ల, ఈ ప్రాంతపు భాషలను ఎవరికన్నా బాగా ఎరిగిన మనిషిని ఇల్లు మార్పించింది. ఆ ఎల్ల గురించే ఇవాళ మాట్లాడతాను. నా వాదం ఒక్కటే. రాష్ట్రాలను విడదీయడానికి జిల్లా లెక్కలు సరిపోతే సరిపోవచ్చు. ఎల్లమీద బతికే ఊరిని పాలించడానికి మాత్రం అవి చాలవు. దానికి ఊరి లెక్క కావాలి. ఉదాహరణగా రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న ఇచ్ఛాపురం పట్టణాన్ని, దాని చుట్టూ ఉన్న పల్లెలను తీసుకుంటాను.

ముందు నేల సంగతి. ఇచ్ఛాపురం దగ్గరకు వచ్చేసరికి తూర్పు కనుమలు తీరానికి దగ్గరపడతాయి. పడమటి దిక్కున 1,501 మీటర్ల మహేంద్రగిరితో కలిసిన కొండల వరస, తూర్పున బంగాళాఖాతం, మధ్యలో సన్నని మైదానం. తీరం వెంట వంగదేశం నుంచి దక్షిణానికి వచ్చే దారి ఏదైనా ఈ మైదానంలోంచే పోవాలి. ఒకప్పటి సైన్యాలు, యాత్రికులు నడిచిన బాట ఇదే. 1890ల్లో వేసిన ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం ఇటే వచ్చింది, ఈనాటి 16వ నంబరు జాతీయ రహదారీ ఇటే వచ్చింది. ఊరి పక్కనుంచి పారే బాహుదా ఒడిశా కొండల్లో పుట్టి, మన నేల మీదుగా వచ్చి, సోనాపూర్ దగ్గర కడలిలో కలుస్తుంది. దక్షిణాన కవిటి, కంచిలి, సోంపేట, మందస మీదుగా పలాస, వజ్రపుకొత్తూరు దాకా పరుచుకున్నది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ. నేలలోగాని, పంటలోగాని, ఇళ్ల కట్టుబడిలోగాని ఇక్కడ ఒక రాష్ట్రం ముగిసి మరొకటి మొదలయిందని చెప్పే గుర్తు కనపడదు. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది.

ఇలాంటి నేలలో జనం రాకపోకలు దూరాన్నిబట్టి సాగుతాయి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. సొంత జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం సుమారు 130 కిలోమీటర్లు. విశాఖపట్నం రెండు వందలు దాటుతుంది. పెళ్లి బట్టలకు, పెద్ద డాక్టరుకు, టోకు సరుకుకు ఏ దిక్కుకు పోతారన్నది ఈ మూడు అంకెలే చెప్పేస్తాయి. 1962లో మొదలైన బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి ఉద్దానం రోగులకు ఏనాటి నుంచో దిక్కు. కిడ్నీ జబ్బులు ఈ సీమను పట్టి పీడించడం మొదలయ్యాక ఆ దారి మరింత రద్దీ అయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యేదాకా పెద్ద వైద్యం కావాలంటే ఒకవైపు బరంపురం, మరోవైపు శ్రీకాకుళం, విశాఖపట్నం. రైల్వేవారు కూడా ఈ సంగతిని తమ పద్ధతిలో ఒప్పుకున్నారు. పలాస దాటి ఉత్తరాన ఉన్న స్టేషన్లు దశాబ్దాలపాటు ఒడిశాలోని ఖుర్దారోడ్ డివిజన్ కిందే నడిచాయి. రెవెన్యూ అధికారికి శ్రీకాకుళం జిల్లా అయిన ఊరు రైలు అధికారికి ఖుర్దారోడ్. ఒకే ఊరికి రెండు కేంద్రాలు ఉండవచ్చునని, అందువల్ల కొంప మునగదని దీన్నిబట్టి తెలుస్తోంది.

చరిత్రలోకి వెళ్దాం. ఇది ముఖలింగం కేంద్రంగా ఏలిన తూర్పు గాంగుల కళింగం. తర్వాత గజపతులది, ఆ తర్వాత గోల్కొండ నవాబులది. శ్రీకాకుళం సర్కారు మూడు భాగాలుగా ఉన్న రోజుల్లో కశింకోట, శ్రీకాకుళాలతో పాటు మూడోది ఇచ్ఛాపురం. అంటే ఈ ఊరు అప్పట్లో దేనికీ చివర కాదు, తానే ఒక కేంద్రం. 1753లో ఉత్తర సర్కార్లు ఫ్రెంచివారికి దక్కాయి. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందం వాటిని ఇంగ్లీషు కంపెనీకి కట్టబెట్టాయి. కంపెనీవారు ఇచ్ఛాపురాన్ని గంజాం జిల్లాలో చేర్చి మద్రాసు నుంచి పాలించారు. ఆ జిల్లాలో కలెక్టరు ఛత్రపురంలో ఉండేవాడు, జిల్లా కోర్టు బరంపురంలో ఉండేది. రెండూ ఇచ్ఛాపురానికి దగ్గరివే. మైదానంలో పర్లాకిమిడి, మందస, జలంత్ర, తర్లా, టెక్కలి వంటి జమీందారీలు. ఆ సంస్థానాల్లో తెలుగు రైతులు, ఒడియా రైతులు, కొండమీది సవరలు కలిసే ఉండేవారు. ఒకే కచేరీకి శిస్తు కట్టేవారు, ఒకే సంతకు వచ్చేవారు. నూరూ నూటయాభై ఏళ్ల పాటు ఇలా నడిచిన జిల్లాలో ఎవరి ఇంటిభాష ఏమిటన్నది రాజ్యానికి అవసరం లేని ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దం ఆ ప్రశ్నను అవసరం చేసింది. 1903లో కటకంలో ఉత్కళ సమ్మేళనం, 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ. రెండు జాతులూ తమ మాట మాట్లాడేవారందరినీ ఒక్క పాలన కిందకు తెచ్చుకోవాలని కోరుకున్నాయి. రెండు కోరికలూ న్యాయమైనవే. చిక్కల్లా రెండింటికీ గంజాం కావలసి రావడం. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి విచారించారు. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన ఎల్లల కమిటీ ఏర్పడింది. అందులో ఒడియావారి తరఫున పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు సహసభ్యులు. కమిటీ చేతిలో ఉన్న ప్రధాన ఆధారం జనాభా లెక్కల్లోని భాషాపట్టిక. ఆ పట్టిక మీదే ఎల్ల పడుతుందని తెలిశాక అది ఉత్త లెక్కగా ఉండడం సాధ్యం కాదు. ఎదుటివారు అంకెలు తారుమారు చేశారని రెండు పక్షాలూ ఫిర్యాదు చేసుకున్నాయి. 1933 నాటి శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒడిశాలో లేదు. మరుసటి ఏడు పార్లమెంటు సంయుక్త సంఘం జయపురం ఎస్టేటును, పర్లాకిమిడి, జలంత్ర మన్యాలను, పర్లాకిమిడి పట్టణాన్ని, కొంత చుట్టుపట్టు నేలను ఒడిశాకు చేర్చింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. రెండు ఊళ్లలోనూ రెండు భాషలవారూ మిగిలారు.

ఆ గీత చేసిన పనిని దగ్గరగా చూడాలంటే నౌపడా రైలుమార్గాన్ని చూడాలి. పర్లాకిమిడి రాజా తన పట్టణాన్ని మద్రాసు–కలకత్తా మార్గంలోని నౌపడాతో కలుపుతూ 1900లో సన్న రైలు వేయించారు. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. పొడిగించిన అయిదేళ్లకే ఆ చిన్న మార్గం రెండు రాష్ట్రాల పాలయింది. మొదలు మద్రాసు రాష్ట్రంలో, కొస ఒడిశాలో. దానికన్నా పెద్ద నష్టం పర్లాకిమిడి పట్టణానికి జరిగింది. ఆ ఎస్టేటు పల్లెల్లో ఎక్కువ భాగం పాతపట్నం వైపు మనకు మిగిలాయి. వాటి సంత, కోర్టు, కళాశాల ఉన్న పట్టణం మాత్రం అటు పోయింది. పట్టణానికి పల్లెలు దూరమయ్యాయి, పల్లెలకు పట్టణం దూరమయింది. ఇచ్ఛాపురానికి ఇదే కథ తిరగబడి జరిగింది. ఇక్కడ పట్టణం మనకు దక్కింది, అది నమ్ముకున్న పెద్ద నగరం ఎల్ల దాటిపోయింది. 1936లో విశాఖపట్నం జిల్లాలో కలిపినప్పుడు ఇచ్ఛాపురం మనిషికి కలెక్టరు కచేరీ రెండు వందల కిలోమీటర్ల అవతల పడింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక ఆ దూరం కొంత తగ్గింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలు మూడు మారాయి. 1929లో బాహుదా మీద కట్టిన పాత వంతెన 2023 మే 3న ఓ భారీ గ్రానైటు రాయితో వెళ్తున్న లారీ కింద కూలిపోయింది. ఆ వంతెనకు ఎల్లకన్నా ఏడేళ్ల వయసెక్కువ. అది కట్టిననాడు బరంపురం వెళ్లడమంటే సొంత జిల్లాలో పక్క ఊరికి వెళ్లడమే.

ఇక జనం. 2011 లెక్కల ప్రకారం ఇచ్ఛాపురం పురపాలక సంఘం జనాభా 36,493. అప్పటి శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు. అందులో పట్టణాల్లో ఉండేవారు నూటికి 16 మంది. వెయ్యి మంది మగవారికి 1,015 మంది ఆడవారు. ఈ చివరి అంకెను కొందరు గర్వంగా చెబుతారు. దాని వెనక వలస కూడా ఉందని మరిచిపోకూడదు. పనికోసం మగవారు మద్రాసుకో, హైదరాబాదుకో, గుజరాత్ రేవులకో పోయిన ఊళ్లలో లెక్కలవాడికి ఇంట్లో దొరికేది ఆడవారు, ముసలివారు, పిల్లలు. పింఛను కాగితం పట్టుకుని సచివాలయానికి వెళ్లేదీ, పిల్లను బడిలో చేర్పించేదీ, ఆసుపత్రిలో సంతకం పెట్టేదీ కూడా వాళ్లే. ఇచ్ఛాపురంలోను, ఉద్దానంలోని అనేక ఊళ్లలోను ఒడియా ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బెహరా, సాహు, పాత్రో, దొలాయి, పాణిగ్రాహి ఇక్కడ పరాయి ఇంటిపేర్లు కావు. తెలుగు జముకుల కథను జనం మధ్యకు కొత్తగా తీసుకువెళ్లిన సుబ్బారావు ఇంటిపేరు పాణిగ్రాహి అన్నది గుర్తుచేస్తే చాలు. ఎల్లకు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగలేదు. ఒడియా బడిలో చదివి ఇటు కోడలిగా వచ్చిన అమ్మాయికి ఏడాది తిరిగేసరికి తెలుగు మాట వస్తుంది. తెలుగు అక్షరం రాదు. గంజాం వైపు కోడలిగా వెళ్లిన తెలుగు అమ్మాయి సంగతీ అంతే.

జిల్లా లెక్కలో ఈ జనం కనిపించరు. 27 లక్షల మందిలో పెట్టి చూస్తే ఒడియా వాటా చిన్నదే. ఆ చిన్న వాటా జిల్లా అంతటా సమానంగా చల్లినట్టు లేదు. ఎచ్చెర్లలోనో, రణస్థలంలోనో దాని ఊసు ఉండదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు కుప్పపోసినట్టు ఉంటుంది. జిల్లా సగటు తీయగానే ఆ కుప్ప కరిగిపోతుంది. సవరల సంగతీ అలాంటిదే. మైదానపు లక్షల జనంతో కలిపి చూస్తే వాళ్లు పిడికెడు, సీతంపేట కొండల్లో వాళ్లే ఊరు. సగటు అనేది పాలకుడికి సౌకర్యం. అర్జీ పట్టుకుని వచ్చే మనిషి మాత్రం సగటు మనిషి కాదు. ఆమెకు ఒక ఊరుంది, ఒక వీధి ఉంది, ఇంట్లో మాట్లాడే భాష ఉంది, కచేరీలో చదవవలసిన భాష మరొకటి ఉంది. జనగణన అధికారి మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు కూడా అడిగి రాసుకుంటాడు. ఎల్లల వాదాల్లో పనికొచ్చిందల్లా మొదటి గడి. మిగిలిన రెండు గడులనూ ఎవరూ తెరిచి చూడరు. ఇచ్ఛాపురం అసలు స్వభావం ఆ రెండు గడుల్లోనే ఉంది. అది తెలుగు ఊరా, ఒడియా ఊరా అన్న ప్రశ్నకు జవాబు లేదు. రెండు భాషలు తెలిసిన ఊరు అన్నది జవాబు.

చట్టం ఈ సంగతి గుర్తించలేదా అంటే గుర్తించింది. 1955లో నివేదిక ఇచ్చిన రాష్ట్రాల పునర్విభజన సంఘం నూటికి 70 మంది ఒకే భాషవారైతేనే దాన్ని ఏకభాషా ప్రాంతంగా పరిగణించాలని, 30 మంది, లేదా అంతకు మించి వేరే భాషవారు ఉంటే ద్విభాషా ప్రాంతంగా చూడాలని చెప్పింది. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాటు చేయమంటుంది. తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 నుంచీ ఉంది. ఒక జిల్లాలోగాని, తాలూకాలోగాని, మునిసిపాలిటీలోగాని 15 నుంచి 20 శాతం మంది వేరే భాషవారైతే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ ప్రచురించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణ ఏర్పాట్లు చెబుతాయి. మన 1966 అధికార భాషా చట్టం కూడా తెలుగుతో పాటు ఇతర భాషలను అవసరమైన ప్రాంతాల్లో, అవసరమైన పనులకు వాడుకునే వీలు ఉంచింది. ఒడియా మాధ్యమం బడులు ఈ వైపు నడుస్తున్నాయంటే ఈ ఏర్పాట్ల పుణ్యమే. నియమాల్లో తాలూకా, మునిసిపాలిటీ అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఆచరణలోకి వచ్చేసరికి ఫైలు జిల్లా కేంద్రంలో తయారవుతుంది, జిల్లా శాతం చూసి మూతపడుతుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆ నియమం ఏ కొలతతో కొలవాలో చెప్పేవారు కూడా లేకపోయారు.

ఇలాంటి చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1920లో ట్రియనాన్ ఒప్పందంతో ట్రాన్సిల్వేనియా హంగరీ నుంచి రొమేనియాకు వచ్చింది. ఊళ్లు కదల్లేదు, దేశం మారింది. హర్గితా, కొవాస్నా జిల్లాల్లో ఇప్పటికీ హంగేరియన్ మాట్లాడేవారే ఎక్కువ. రొమేనియాలో పల్లెటూళ్ల పాలనకు కొమ్యూన్ అనే చిన్న స్థానిక సంస్థ ఉంది. కొన్ని పల్లెలు కలిసి ఒక కొమ్యూన్, దానికి ఎన్నికైన మేయరు, ఎన్నికైన సభ ఉంటాయి. మన పంచాయతీకన్నా పెద్దది, మండలంకన్నా చిన్నది అనుకోవచ్చు. 2001లో వచ్చిన స్థానిక పాలనా చట్టం, ఏ కొమ్యూన్‌లోగాని పట్టణంలోగాని అల్పసంఖ్యాకులు 20 శాతం దాటితే అక్కడి కచేరీలో వాళ్ల భాషలో మాట్లాడవచ్చునని, అర్జీ ఇవ్వవచ్చునని, బోర్డులు రెండు భాషల్లో ఉండాలని నిర్ణయించింది. దానితో గొడవలన్నీ సద్దుమణిగాయని చెప్పను. క్లుజ్ నగరంలో హంగేరియన్ల వాటా 20 శాతం కిందకు దిగాక ఊరి పేరు బోర్డు మీద ఏళ్ల తరబడి తగవు నడిచి, 2017లోగాని మూడు భాషల బోర్డు లేవలేదు. గట్టి హద్దు పెడితే హద్దు పక్కన తగవు తప్పదు. అయినా అక్కడ శాతం లెక్కించేది కొమ్యూన్ కొమ్యూన్‌కీ విడిగా. జిల్లా సగటు తెచ్చి ఒక పల్లె హక్కును కొట్టెయ్యరు. మన 15 శాతం వాళ్ల 20 శాతంకన్నా ఉదారమైనదే. మనకు తక్కువైంది ఉదారత కాదు, కొలిచే పాత్ర.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది: భాషా రాష్ట్రాల కోసం పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చారు, ఊరూరా రెండో భాషను ఒప్పుకుంటే ఆ సూత్రమే పలచబడదా? పలచబడదు. భాషా రాష్ట్రం అన్న సూత్రానికి మూలం, పాలన జనం భాషలో జరగాలన్నది. మద్రాసు కచేరీలో తెలుగువాడికి తన భాష దొరకలేదన్నదే కదా మన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైతే ఇచ్ఛాపురం కచేరీలో ఒడియా ఆడమనిషి చేసే అదే ఫిర్యాదు అన్యాయం కాజాలదు. రాష్ట్ర రాజధాని ఏ భాషలో ఉత్తర్వులు రాయాలన్నది ఒక ప్రశ్న. ఊళ్లో గుమాస్తా కిటికీ దగ్గర ఏ భాష వినాలన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి 1953 అక్టోబరు 1న జవాబు దొరికింది. రెండోదానికి ఊళ్లోనే జవాబు వెతకాలి. రెండో అభ్యంతరం: అక్కడివారందరికీ తెలుగు వస్తుంది కదా, మళ్లీ ఇదంతా దేనికి? సంతలో బేరానికి సరిపడా తెలుగు రావడం వేరు, అడంగల్ కాగితం చదివి అందులో తప్పు పట్టుకోగలగడం వేరు. మందుచీటీ మీద రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలో చదువుకోవడం వేరు. కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషికి నీళ్లెన్ని తాగాలో, ఏం తినకూడదో ఆమె చదవగల అక్షరాల్లో రాసివ్వడం విలాసం కాదు, వైద్యంలో భాగం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. ఎల్లమీది పల్లెల్లో రెండో భాషను గుర్తిస్తే పక్క రాష్ట్రం ఆ పల్లెలు తనవేనంటుంది, సాలూరు దగ్గర కొఠియా గ్రామాల గతి చూడండి అంటారు. కొఠియాను తప్పక చూడాలి. అక్కడి 21 గ్రామాల మీద తగవు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2006లో కోర్టు యథాస్థితి కొనసాగించమంది. 2021లో మన ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టుధిక్కార పిటిషను వేసింది. ఇంత జరిగిందీ అక్కడ ఎవరో రెండు భాషల్లో బోర్డు పెట్టినందుకు కాదు. ఆ కొండల్లో ఎల్ల సరిగా సర్వే చేసి తేల్చకపోవడం వల్ల. ఇచ్ఛాపురం దగ్గర ఎల్ల తేలిపోయింది. రాష్ట్రాల పునర్విభజన సంఘం కూడా దాన్ని కదపలేదు. తేలిన ఎల్లమీద ఇచ్చే సేవ ఎవరికీ దావా హక్కు పుట్టించదు. కొఠియా నేర్పే పాఠం ఇంకొకటుంది. రెండు రాష్ట్రాలూ పోటీపడి కార్డులు, రోడ్లు, పథకాలు పట్టుకుని వచ్చాక అక్కడి గిరిజనులు రెండు వైపులవీ తీసుకున్నారు. దాన్ని దొంగతనమని ఎవరన్నా అనుకోవచ్చు. నేను మాత్రం అది దశాబ్దాల పాటు ఏ రాష్ట్రమూ కొండెక్కి రాకపోవడానికి జనం చెప్పిన బదులనే అంటాను. జనం విధేయత సర్వే రాళ్ల వెంట పోదు, అందిన సేవల వెంట పోతుంది. ఎల్లమీది ఊరు మనతోనే ఉండాలనుకుంటే ఆ ఊరికి అక్కరకొచ్చే పాలన ఇవ్వడమే దారి.

ఇక భాషాలెక్కలను నమ్మలేమన్న అభ్యంతరం. 1931 అనుభవం తర్వాత ఆ అనుమానం సహజం. ఆనాడు అంకెలు వంకరపోవడానికి కారణం వాటి మీద పెట్టిన బరువు. ఒక్క గడిలో రాసిన మాటతో ఒక తాలూకా చేతులు మారుతుందని తెలిసినప్పుడు నిజం రాయించుకోవడం కష్టం. బడికి ఒక టీచరు, ఆసుపత్రికి ఒక దుబాసీ, సచివాలయానికి ఒక ఒడియా ఫారం తప్ప మరేమీ మారదని తెలిస్తే అబద్ధం చెప్పే అవసరం ఎవరికీ ఉండదు. అందరూ ఇంగ్లీషు మీడియం వైపే పోతున్నారు, ఈ గొడవంతా ముసలివాళ్లదే అనే మాట కూడా వినిపిస్తుంది. నిజంగానే పిల్లలు అటు పోతున్నారు. కచేరీ, ఆసుపత్రి అవసరం ఎక్కువగా ఉన్నది ముసలివాళ్లకేనన్న సంగతి ఆ మాటలోనే ఉంది. చివరగా, గంజాంలో, రాయగడలో, పర్లాకిమిడిలో తెలుగువారి బడులు తగ్గిపోతుంటే మనం మాత్రం ఒడియాకు పీట వెయ్యాలా అనేవారున్నారు. బరంపురం వి.వి. గిరి పుట్టిన ఊరు, తెలుగు అక్కడ కొత్తగా వచ్చింది కాదు. అక్కడి తెలుగు కోసం మనం గొంతెత్తాలి. ఇచ్ఛాపురంలో ఒడియాకు ఇవ్వవలసింది ఇచ్చి అడిగితేనే ఆ గొంతుకు బలం. మనం ఇవ్వకుండా అడిగితే ఎదుటివారి జవాబు సిద్ధంగానే ఉంటుంది.

అందువల్ల నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు, కొత్త చట్టం అవసరమైనవీ కావు. రక్షణ ఏర్పాట్లలో తాలూకా అని ఉన్నచోట మండలం అని చదువుకోవాలి. శాతాన్ని మండలానికీ పురపాలక సంఘానికీ విడిగా లెక్కించి ప్రకటించాలి. ఇచ్ఛాపురం, దాని ఇరుగుపొరుగు మండలాల్లో హద్దు దాటిన చోట సచివాలయం ఫారాలు, ఆసుపత్రి సూచనలు, తుపాను హెచ్చరికలు రెండు లిపుల్లో ఉండాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఎల్లకు రెండువైపులా కొబ్బరితోటలను కూల్చాయి. వచ్చే తుపానుకు ముందు చేసే హెచ్చరికైనా ప్రతి ఇంటికీ అర్థమయ్యే భాషలో వెళ్లాలి. ఒడియా బడులకు టీచర్లు, పాఠ్యపుస్తకాలు వేళకు అందాలి. బరంపురం, పలాస ఆసుపత్రుల మధ్య రోగి కాగితాలు చెల్లుబాటయ్యేలా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. సవర పిల్లకు సవరలో పాఠం చెప్పాలని నూరేళ్ల కిందట పట్టుబట్టిన మనిషి పేరు చెప్పుకునే మనం దీనికి వెనకాడితే ఆ పేరు పలికే అర్హత పోగొట్టుకుంటాం.

దేశంలో 2011 తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ఆధార తేదీగా నిర్ణయమయింది. లెక్కలవారు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వీధుల్లోకి వచ్చినప్పుడు మూడు భాషల గడులూ నిజంతో నింపించండి. ఇంట్లో ఒడియా మాట్లాడితే ఒడియా అని, సవర మాట్లాడితే సవర అని, తెలిసిన రెండో భాష, మూడో భాష ఏవో కూడా చెప్పి రాయించండి. ఇక్కడున్న అధ్యాపకులు, విద్యార్థులు ఆ పట్టికలు వెలువడగానే మండలాలవారీగా విడదీసి జిల్లా పరిషత్తు ముందు, శాసనసభ్యుల ముందు పెట్టాలని కోరుతున్నాను.